రెండు వాక్యాలకొక ఊపిరి

"సలిగాలికి సేలన్నీ సిన్నగా సలించినవి," అని చదివింది రాజులమ్మ.

"చ," అన్నాడు యజ్ఞనారాయణ పడక కుర్చీలోంచి.

"సలిగాలికి..."

"చలి. చ. నాలుక పైకి తగలాలి. మళ్లీ చదువు."

రాజులమ్మ మళ్లీ చదివింది. మళ్లీ సలిగాలే వీచింది. యజ్ఞనారాయణ కుర్చీ చేతి మీద అరచేత్తో ఒక దెబ్బ కొట్టి, "కానీ" అన్నాడు. ఆమె తరువాతి వాక్యంలోకి వెళ్లింది.

కాశీబుగ్గలో ఆ ఇంటి వసారాలో ఏడేళ్లుగా ఆమె పని ఇదే. పొద్దున్న తొమ్మిదింటికి రావాలి. ముందు పేపరు, తరువాత బీరువాలోంచి ఆయన చెప్పిన పుస్తకం. పన్నెండున్నరకి బస్సు. యజ్ఞనారాయణ ముప్పై ఏళ్లు హైస్కూళ్లలో తెలుగు చెప్పాడు. నీటికాసులు ముదిరి రెండు కళ్లూ పోయాక, చదివి పెట్టడానికి వచ్చిన నలుగురు మనుషుల్ని ఒక్క ఏడాదిలో తరిమేశాడు. వాళ్లలో ఒకామె ఏడుస్తూ వెళ్లింది, ఒకతను పుస్తకం విసిరేసి వెళ్లాడు. రాజులమ్మ ఏడవలేదు, విసరలేదు. ఆమెకి ఆమె పద్ధతులున్నాయి. చేపల కంపు కొడుతున్నావని ఆయన అన్న మర్నాడు, ఇసక మీద ఎండుచేపలు తిరగేసిన చేతులు కడుక్కోకుండా వచ్చేది. కథ మంచి పట్టులో ఉన్నప్పుడు పన్నెండున్నర అయితే, వాక్యం సగంలో పుస్తకం మూసి "బస్సు" అనేది. ఆయన మొహం ఎర్రబడడం చూస్తూ చెప్పులు తొడుక్కునేది.

ఆమెకి నలభై రెండేళ్లు. పొడుగు మనిషి. ఉప్పుకి పగిలిన వెడల్పాటి అరచేతులు. ఊరు వజ్రపుకొత్తూరు దాటాక సముద్రం ఒడ్డున. మొగుడు ధనుంజయ ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్ బోట్లలో ఉంటాడు. కూతురు సంతోషి టెక్కలిలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. ఆ పేటలో ఆమె వయసు ఆడవాళ్లలో పది పాసైనది రాజులమ్మ ఒక్కతే. వలలు బాగుచేసుకునే చోట కూచుని పేపరు చదువుతుంటే మగవాళ్లు నవ్వేవారు. ఆ చదువు ఎవరికీ అక్కరలేకపోయింది, ఈ ముసలాయనకి తప్ప.

ఈ మధ్య ఆమె పాదాలు ఉబ్బుతున్నాయి. మట్టెలు వేళ్లలో దిగిపోయాయి. పొద్దున్న బస్సు దిగి ఈ ఇంటికి నడిచి వచ్చేసరికి జీడిపప్పు బట్టీల పొగ గొంతులో పట్టుకున్నట్టుండేది. పొగే అనుకుందామని చాలా ప్రయత్నించింది.

గీతిక లోపల్నుంచి అట్టపెట్టె ఒకటి మోసుకొచ్చి బల్ల మీద పెట్టింది. యజ్ఞనారాయణకి ఒక్కతే కూతురు. ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తా. పెళ్లి చేసుకోలేదు. ఇవాళ సెలవు పెట్టింది.

"పుస్తకం మూసెయ్ రాజులమ్మా. వేరే పనుంది," అంది. తండ్రివైపు తిరిగి, "విశాఖలో అంధుల సంస్థ వాళ్లిచ్చారు నాన్నా. చదివే మిషన్లు, రెండు రకాలు. వారం రోజులు వాడి చూసి ఒకటి ఉంచుకోవచ్చు. రెండోది వెనక్కి పంపాలి," అంది.

"ఉన్న మిషనుకేం వచ్చింది?"

"ఉన్న మిషను నెలలో పది రోజులు రావడం లేదు."

రాజులమ్మ పుస్తకంలో వేలు పెట్టుకుని కూచుంది. "ఆస్పత్రికెల్తన్నాను గీతికమ్మా. ఊరికే మానేత్తన్నానా?"

"అందుకే చెప్తున్నాను. నీకూ ఈ తిరుగుడు తప్పుతుంది."

గీతిక ఆ మాట మంచిగానే అన్నాననుకుంది. రాజులమ్మ పుస్తకంలోంచి వేలు తీసేసింది.

మొదటి మిషను నల్లగా, భోజనం పళ్లెమంత వెడల్పుగా ఉంది. మూత ఎత్తి సీడీ పెట్టాలి. గీతిక దాన్ని తండ్రి ఒళ్లో పెట్టింది. ఆయన వేళ్లు దాని మీద నెమ్మదిగా పాకాయి. ముప్పై ఏళ్లు సుద్దముక్క పట్టిన బొటనవేలు ఒక్కో మీట దగ్గర ఆగింది.

"ఇది?"

"ముందుకి."

"ఇది?"

"వెనక్కి."

"రెండూ ఒక్కలాగే ఉన్నాయి. దీన్ని చేసినవాడికి కళ్లున్నాయి, బుర్ర లేదు. బరువు కూడా. పడుకుని వింటే గుండె మీద ఎవరో కూచున్నట్టుంటుంది."

మీట నొక్కితే అది ముందు ఇంగ్లీషులో ఏదో చెప్పింది. తరువాత ఒక ఆడగొంతు తెలుగులో మొదలుపెట్టింది. హైదరాబాదు గొంతు. ప్రతి అక్షరం కడిగి ఆరబెట్టినట్టుంది. యజ్ఞనారాయణ తల కొంచెం వంచి విన్నాడు. ఆపాడు. ఇంకోసారి నొక్కాడు. గొంతు సరిగ్గా ఆగిన మాట దగ్గరే ఎత్తుకుంది.

"విన్నావా?" అన్నాడు రాజులమ్మతో. "చ అంటే అదీ."

"ఇన్నాను."

"బస్సు కూడా లేదు దానికి."

ఆ మాట ఆమెకి చెంపమీద కొట్టినట్టయింది. సంస్థవాళ్లు ఇచ్చిన పుస్తకాల జాబితా గీతిక ఆమె చేతిలో పెట్టింది. తెలుగువి ఏమున్నాయో చదవమంది. తొమ్మిది కాగితాలు ఇంగ్లీషు. తెలుగు సగం కాగితం. రాజులమ్మ గొంతు పెంచి చదివింది.

"ఏడో తరగతి సాంఘికశాత్రం. తొమ్మిదో తరగతి తెలుగు వాసకం. విష్ణు సహస్రనామం. మదుమేహం, జాగర్తలు. లలితా సహస్రనామం."

"తరువాత?"

"అంతే."

"అంతేనా?"

"ఇంకేటి నేవు మేస్టారూ. తొమ్మిదో తరగతి వాసకం మీకు బాగుంతాది."

యజ్ఞనారాయణ దవడ బిగిసింది. వెనకనున్న బీరువాలో మూడు వందల పుస్తకాలున్నాయి. అందులో ఈ ఏడేళ్లలో ఇద్దరూ కలిసి దాటినవి ఎనభై. ఆ కడిగిన గొంతుకి ఆ బీరువా సంగతే తెలియదు. "తీసెయ్," అన్నాడు. గీతిక మిషను ఎత్తి పెట్టెలో పెట్టేసింది.

రెండోది సబ్బుపెట్టెంత ఉంది. మీటలు నాలుగే. ఒకదాని మీద బియ్యపుగింజంత బొడిపె. ఆయన పిడికిట్లో ఇమిడిపోయింది.

"ఇది తనంతట తాను చదవదు," అంది గీతిక. "ఎవరైనా చదివితే పట్టుకుంటుంది. బొడిపె ఉన్న మీట నొక్కి చదవాలి. కొన్ని వందల గంటలు పడుతుందట."

"చదువు," అన్నాడు ఆయన రాజులమ్మతో.

ఆమె చదివింది. ఒక పేజీ. ఆయన దిద్దలేదు. ఏడేళ్లలో ఒక పేజీ అడ్డం లేకుండా చదవడం అదే మొదటిసారి. తరువాత గీతిక ఇంకో మీట నొక్కింది.

తన గొంతు రాజులమ్మ అంతకు ముందు ఎప్పుడూ వినలేదు. ముందు అది ఎవరో అనుకుంది. తరువాత తన తల్లి అనుకుంది. లావుపాటి, గరుకు గొంతు, ప్రతి చ దగ్గరా స. వాక్యానికీ వాక్యానికీ మధ్య తడిసిన వలని ఇసక మీద లాగుతున్నట్టు ఒక చప్పుడు. అది ఊపిరని అర్థం కావడానికి ఆమెకి కాసేపు పట్టింది. తల్లి చివరి ఏడాది పక్కలో పడుకుంటే వినబడిన చప్పుడు అది. తమ వీధిలో అలా కిడ్నీలు చెడి, కాళ్లు ఉబ్బి, మొహం ఉబ్బి, నలుగురైదుగురు పోయారు. డాక్టరు కాగితం మీద రాసిన అంకెలకి భయపడలేదు ఆమె. ఈ చప్పుడికి భయపడింది.

"ఆపండి," అంది.

గీతిక ఆపింది.

"పెద్దది పంపించెయ్," అన్నాడు యజ్ఞనారాయణ కూతురితో. "ఇదే ఉంచు. రాజులమ్మా, రేపట్నుంచి బీరువాలో పై అరతో మొదలుపెట్టు. రోజూ దీంట్లోకి చదవాలి. నేను మధ్యలో మాట్లాడను."

"అలా అయితే రెండు మూడు నెలల్లో పై అర అయిపోతుంది," అంది గీతిక. "తరవాత నువ్వు ఇంట్లో ఉండి విశ్రాంతి తీసుకోవచ్చు."

రాజులమ్మ ఇద్దరి మొహాలూ చూసింది. "నాను సచ్చేలోగా నింపీసుకుందామనా?"

గీతిక "ఛ, అదేం మాట" అంది. యజ్ఞనారాయణ మాత్రం "అవును" అన్నాడు.

"నాన్నా!"

"నువ్వుండు. నాకు వినబడుతోంది. ఉగాది నాడు ఐదు వాక్యాలకొకసారి ఊపిరి పీల్చేది. వానలు మొదలైనప్పుడు మూడు. ఇప్పుడు రెండు. లెక్క నా దగ్గరుంది. ఇంకెవరి దగ్గరా లేదు."

వీధిలో బస్తాల రిక్షా ఒకటి బెల్లు కొట్టుకుంటూ పోయింది. మొగుడు ఫోనులో అడిగితే బాగున్నానంది రాజులమ్మ. కూతురికి కాళ్లు కనబడకుండా చీర కిందికి దించుకుంది. ఎవరికీ చెప్పనిదాన్ని ఈ గుడ్డాయన ఆర్నెల్లుగా కుర్చీలో కూచుని లెక్కపెట్టాడు. లెక్కపెట్టి, ఒక్క మాట అడగలేదు. ఆస్పత్రికి వెళ్లావా అని కూడా అడగలేదు.

"మేస్టారూ," అంది, "తొమ్మిదో తరగతిలో నన్ను బెంచీ ఎక్కించినారు మీరు. సదువు అనే మాట నలబై సార్లు అనిపించినారు. క్లాసంతా నవ్వింది. మూడ్రోజులు బడికెల్లనేదు నాను. మా అమ్మ వలతాడుతో కొట్టి పంపింది."

"తెలుసు. బి సెక్షను. కిటికీ పక్క బెంచీ."

రాజులమ్మ పుస్తకం మూసింది.

"నువ్వు వచ్చిన మొదటిరోజు మొదటి వాక్యానికే తెలిసింది," అన్నాడు. "అదే స."

"తెలిసీ ఎందుకెట్టుకున్నారు?"

"దిద్దడం పూర్తి కాలేదు."

ఆమె లేచింది. లేవడానికి బల్ల పట్టుకోవలసి వచ్చింది. పుస్తకం కిటికీ గూట్లో పెట్టింది. "ఇంక అవదు," అంది. "నా గొంతు మీకియ్యను. పెద్ద మిషనే ఉంచుకోండి. అదైతే మీకు నచ్చినట్టే పలుకుతాది."

"దాంట్లో పుస్తకాలు లేవని నువ్వే చదివావు."

"నేకపోతే నేదు. ఇందాక నాను సదివింది అందులోంచి తుడిసీండి."

ఆయన పిడికిలి బిగించాడు. మిషను ఆ పిడికిట్లో ఉంది. గీతిక విసుగ్గా, "ఒక పేజీయే కదా రాజులమ్మా, ఉంటే నీకేం నష్టం?" అంది.

"నీకు తెల్దు గీతికమ్మా. నాను పోయినాక కూడా ఈయన ఆ పేజీ ఎట్టుకుని చ, చ అని దిద్దుతాడు. నాను పలకనేను."

యజ్ఞనారాయణ పిడికిలి విప్పి అరచెయ్యి ముందుకి చాపాడు. ఏ మీటో గీతిక చూపించింది. రాజులమ్మ నొక్కి పట్టుకుంది. మిషను రెండుసార్లు కీచుమని ఊరుకుంది.

"ఎల్తాను," అంది.

అప్పటికి ఇంకా పన్నెండే అయింది.

బస్సులో పక్కింటి పోలమ్మ ఖాళీ గంపతో ఎదురుపడి, జరిగి చోటిచ్చింది. రాజులమ్మ కిటికీ పక్కన కూచుంది. జీడితోటలు వెనక్కి పోతున్నాయి. మధ్యలో కొబ్బరిచెట్లు, ఎర్రమట్టి, మళ్లీ జీడితోటలు. కాళ్లు బరువుగా ఉన్నాయి. ఒక నెల, రెండు నెలలు. సంతోషి పరీక్షలు మార్చిలో. ధనుంజయకి రేపు ఫోను చేసి రమ్మని చెప్పాలి. ఇంక దాచడానికి ఏమీ లేదు, బయటివాడి నోట్లోంచి వచ్చేసింది.

ఆమె కిటికీ వైపు మొహం తిప్పి, నెమ్మదిగా, "చదువు" అంది. నాలుక తగలవలసిన చోటే తగిలింది. "చలిగాలి. చేలు. చిన్నగా." ఒక్కటీ తప్పలేదు. ఆ బెంచీ మీద నలభయ్యో సారికే వచ్చేసింది ఆమెకి. రానట్టు ఆయన ముందు ఏడేళ్లు చదివింది.

"ఏటే, నీలో నువ్వే మాటాడుకుంటన్నావు?" అంది పోలమ్మ.

"ఏటి నేదు," అంది రాజులమ్మ.

మర్నాడు ఆమె రాలేదు. ఆ తరువాతా రాలేదు. వారం గడిచాక గీతిక పెద్ద మిషనుని వెనక్కి పంపింది. చిన్నది తండ్రి తలగడ పక్కన ఖాళీగా ఉంది. కొత్తగా ఒక డిగ్రీ కుర్రవాణ్ణి పెడదామంటే, ముందు వాడి చ వినిపించమన్నాడు. విని, వద్దన్నాడు. వాడి ఉచ్చారణలో తప్పేమీ లేదు.

కార్తీకం వెళ్లిన నాలుగో రోజున పోలమ్మ వచ్చి గేటు దగ్గర నిలబడింది.

"రాజులమ్మ పోయింది పంతులుగారూ. విశాఖలో ఆస్పత్రిలో. మొన్న సోమారం. మీకాడ ఏటైనా వొగ్గీసిందేమో అడగమంది కూతురు."

గీతిక చేతులు తుడుచుకుంటూ వచ్చి, "అయ్యో" అని, "ఏమీ లేదమ్మా, సంచీ అప్పుడే పట్టుకుపోయింది," అంది.

యజ్ఞనారాయణ కుర్చీలో ముందుకి వంగాడు. "చివర్లో ఎన్ని మాటలకి ఆగేది?"

పోలమ్మకి అర్థం కాలేదు. గీతిక మొహంలోకి చూసింది. "మాటాడనేదు పంతులుగారూ. ఆకరి రెండ్రోజులూ ఏటీ మాటాడనేదు."

ఆయన వెనక్కి వాలాడు. పోలమ్మ ఇంకాసేపు నిలబడి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం గీతిక ఆఫీసు పని పక్కన పెట్టి, తానే చదువుతానంది. చిన్న మిషను బల్ల మీద పెట్టి, కిటికీ గూట్లో ఉన్న పాత నవల తీసింది. పుస్తకం దానంతట అదే నూట పన్నెండో పేజీ దగ్గర తెరుచుకుంది.

"ఇక్కడిదాకా అయినట్టుంది. కాగితం ఏదో పెట్టుకుంది."

"ఏం కాగితం?"

"బస్సు టిక్కెట్టు."

ఆయన చెయ్యి చాపాడు. గీతిక పుస్తకం అలాగే ఇచ్చింది. పేజీ మీద వేళ్లు నడిపించి, ఆ ముక్క అంచు తగలగానే ఆగాడు. తీయలేదు. పుస్తకం మూసి వెనక్కి ఇచ్చాడు.

"ఇది వద్దు. బీరువాలోంచి ఇంకోటి తియ్యి."

గీతిక నవలని మళ్లీ గూట్లో పెట్టి, బీరువా తెరవడానికి వెళ్లింది. చేపల నూనెతో మచ్చపడ్డ ఆ టిక్కెట్టు, రెండు పేజీల మధ్య నుంచి వేలెడంత బయటికి వచ్చి, కిటికీలోంచి గాలి తగిలినప్పుడల్లా కొద్దిగా కదులుతూ ఉంది.