ప్రింటర్ లేని ఇంట్లో ప్రింటర్ సహాయకం

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అద్దాలాయన బావమరిది వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అద్దాలాయన కంగారుగా వెళ్లి అతని వెనకాల నిలబడ్డాడు. కళ్లజోళ్ల షాపులో ఇరవై ఏళ్లుగా అద్దాలు అరగదీస్తున్నాడు కాబట్టి ఆయన అందరికీ అద్దాలాయనే. అద్దంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా పసిగట్టే మనిషి, తను ఇంట్లో వెలగబెట్టిన నిర్వాకాన్ని మాత్రం రెండు నెలలుగా చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

ఆయన భార్య ఇంట్లోనే కంప్యూటర్‌లో పుస్తకాలు టైపు కొట్టి పేజీలు పేరుస్తుంది. తేనెటీగలు పెంచే ఒక పెద్దాయన చేత్తో రాసిన పుస్తకం ఆమెకు సొంతంగా దొరికిన మొదటి పని. రేపు పొద్దున పదింటికల్లా ప్రెస్సుకు అందకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామని ప్రెస్సువాళ్లు ఖరాఖండిగా చెప్పేశారు. ఆలస్యమంతా కంప్యూటర్‌తోనే. అది నత్తనడక నడవడం మొదలుపెట్టి రెండు నెలలైంది. పోయిన నెల సేవ్ చేస్తుండగా బిగుసుకుపోయి ఏకంగా నలభై పేజీలు మింగేసింది. రాతప్రతి ఉంది కాబట్టి మళ్లీ కొట్టుకుంది కానీ, పెద్దాయన ఫోన్లో చెబుతుంటే నేరుగా పేజీల్లో దిద్దిన మార్పులు మటుకు పోయాయి. ఆయనేమో తేనెపెట్టెలు వేసుకుని పూలున్న చోటికి వెళ్లిపోయాడు. అక్కడ ఫోను అందదు.

బావమరిది తెరిచి ఉన్నవన్నీ ఒక్కొక్కటే మూసేశాడు. అన్నీ మూసినా మెమరీ తొంభై శాతం దగ్గరే నిలబడింది. ఎవరు తింటున్నారో చూద్దామంటూ నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా తీశాడు. అందరికన్నా పైన, సగం మెమరీని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నదాని పేరు ‘ప్రింటర్ సహాయకం’.

“అక్కా, మీకు ప్రింటర్ ఎక్కడిది?”

లేదు. ఆ ఇంట్లో ప్రింటర్ ఎన్నడూ లేదు. ఏ పేరు చాటున దాక్కోమంటావని ఆ ప్రోగ్రాము అడిగినప్పుడు, చూపించిన నాలుగు పేర్లలో ఇదైతే ఎవరికీ అనుమానం రాదని ఏరికోరి నొక్కిన మహానుభావుడు అద్దాలాయనే. భార్య తెర ముందు కూర్చుని తనలో తను నవ్వుకుంటోందని, ఎవరితో కబుర్లోనని అనుమానపడి పెట్టాడు. అది పది సెకన్లకొకసారి తెర బొమ్మ తీసి ఆయన ఫోనుకు పంపుతుంది, పంపేదాకా మెమరీలో దాచుకుంటుంది. ఆ ఇంటి నెట్టు అంతంతమాత్రం, పంపలేక బొమ్మలు కుప్పలు పడ్డాయి. మొదటి వారంలోనే తెలిసింది, ఆమె నవ్వు తేనెటీగల పెద్దాయన రాసిన జోకులకని. అప్పుడే పీకి పారేయాల్సింది. రేపు తీద్దాం, ఎల్లుండి తీద్దాం అనుకుంటూ రోజూ షాపులో టీ తాగుతూ ఆ బొమ్మలు చూడటం అలవాటు చేసుకున్నాడు, సిగ్గులేనివాడు.

బావమరిది ఇంకో రెండు నొక్కులు నొక్కాడు. బొమ్మలు వెళ్తున్న ఫోను నంబరు కనబడింది. వెనక్కి తిరిగి బావ మొహంలోకి చూశాడు. మరుక్షణం తెర మీద ఆ విండో మూసేసి, ఏదో పనికిమాలిన చెత్త అంటుకుందక్కా, తీసేస్తానన్నాడు.

“నేనే చూడకుండా ఏదో నొక్కి ఉంటాను,” అందామె. అని భర్త వైపు తిరిగింది. “మీరు జాగ్రత్త జాగ్రత్త అంటూనే ఉన్నారు. నా వల్ల మీకూ మనశ్శాంతి లేకుండా పోయింది.”

ఆ జాలి అద్దాలాయన తట్టుకోలేకపోయాడు. తిట్టినా పడేవాడు.

“నువ్వు కాదు. నేను పెట్టాను,” అన్నాడు. ఎందుకు పెట్టాడో కూడా నీళ్లు నమలకుండా చెప్పేశాడు. బావమరిది నేలచూపులు చూస్తూ, ఆ ప్రోగ్రామును తీసేసి, మెమరీ దిగిందని చెప్పి చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఆమె పుస్తకం ఫైలు మళ్లీ తెరిచింది. తర్వాత ఒక్కటే అడిగింది.

“అయితే ఆ నలభై పేజీలూ మీ ఫోన్లో ఉన్నాయా?”

ఉన్నాయి. దిద్దిన మార్పులతో సహా, ఒక్క అక్షరం పోకుండా ఉన్నాయి. అవి పోయిన రోజు ఆమె తలపట్టుకుని కూర్చుంటే మంచినీళ్లిచ్చి వీపు నిమిరింది ఆయనే. ఫోను అప్పుడూ జేబులోనే ఉంది. తీసి చూపిస్తే తన గుట్టు రట్టవుతుందని, ఆమె మూడు వారాలు వేళ్లు నొప్పెట్టేలా మళ్లీ కొట్టుకుంటుంటే చూస్తూ ఉన్నాడు.

“ఉన్నాయి,” అన్నాడు.

“తెరిచి చదవండి. రేపటికి ఇవ్వాలి.”

ఇద్దరూ కూర్చున్నారు. ఆయన ఫోన్లో చూసి చదువుతున్నాడు, ఆమె ఆయన వైపు తిరగకుండా దిద్దుకుంటోంది. రాణి ఈగ గురించి, పొగ పెట్టే పద్ధతి గురించి, పెట్టెకూ పెట్టెకూ ఉండాల్సిన దూరం గురించి చదివాడు. పన్నెండో పేజీ అయ్యాక వచ్చిన బొమ్మలో పుస్తకం లేదు. ఆయన ఆగిపోయాడు.

“ఆగారేం?”

“ఇది పుస్తకంలోది కాదు. నువ్వు ప్రెస్సుకు రాసిన ఉత్తరం.”

“చదవండి.”

“ఇంతకుముందే చదివాను.”

“నాకు వినిపించేలా చదవండి.”

చదివాడు. “ఆలస్యానికి తప్పంతా నాది. పని కొత్త, నా చేతకానితనం వల్లే వెనకబడ్డాను. మావారు అన్నివిధాలా తోడుగా ఉన్నారు కాబట్టి ఈసారి తప్పకుండా...” అక్కడ ఆయన ఆపేసి ఫోను కిందికి దించాడు.

ఆమె వేళ్లు కీబోర్డు మీదే ఉన్నాయి. ఆయన మిగతా వాక్యం పూర్తిచేసేదాకా కాచుకుంది.

“తరవాతి పేజీ,” అంది.