మేకుకు కట్టిన మాట

యుద్ధం వచ్చి పట్టు కరువైన రోజులు. ధర్మవరంలో తిప్పన్న మగ్గం మీద పచ్చ అంచు ఎర్రచీర ఉంది. పెనుకొండ వ్యాపారి నాగేశ్వరయ్య కూతురి పెళ్లిచీర అది. చేతులు మగ్గం మీద ఉన్నా, తిప్పన్న తల మాత్రం సంతలా ఉండేది. మల్లప్పకు పంచాయతీకి వస్తానని మాటిచ్చాడు. సుంకప్పకు మగ్గం బాగుచేసి పెడతానన్నాడు. మరదలు సుబ్బమ్మకు తొలికాన్పు, నెలలు నిండాయి; భార్య గంగాదేవిని ఆమె ఊరు రొళ్లకు తీసుకుపోతానన్నాడు. ఆ అక్కచెల్లెళ్లకు తల్లి లేదు. ఇన్ని మాటల మధ్య చీరలో బుట్టా పువ్వు తప్పింది. విప్పి నేశాడు. మళ్లీ తప్పింది.

తలలో ఉన్నది బయట పెట్టుకుంటే తల తేలికవుతుందని హిందూపురం బట్టల కొట్టు జయరామ్ ఉపాయం చెప్పాడు. తిప్పన్నకు రాత రాదు, రంగులు వచ్చు. మాటకొక పట్టుపోగు చొప్పున మగ్గం పక్క మేకుకు ముడివేశాడు. మల్లప్పకు పసుపు, సుంకప్పకు నీలం, రొళ్లకు పచ్చ. పని తీరితే ఆ పోగు విప్పేయడమే.

నిజంగానే మనసు నిమ్మళించింది. మాట ఇచ్చింది తాను కాదు, ఆ మేకే అన్నంత హాయి. గంగాదేవి రొళ్ల ఊసెత్తితే పని ఆపకుండానే గడ్డంతో మేకును చూపేవాడు.

"మరిచిపోలేదు మే. ఆడ ఉండాది కదా."

మేకుతో ఏం పోట్లాడుతుంది? ఆమె ఊరుకునేది.

చీర పూర్తయింది. ఎంత వెతికినా ఒక్క తప్పు లేదు. మగ్గం మీంచి కోసి మడతపెట్టి మేకు వైపు చూశాడు. పసుపు, నీలం ఉన్నాయి, పచ్చ లేదు. ఒక పని తీరిపోయిందన్న తృప్తి గుండె నిండా పరుచుకుంది. ఏ పని తీరిందో గుర్తుకు రావడానికి కొంచెం సేపు పట్టింది. అప్పటికే గంగాదేవి మూట చంకన పెట్టుకుని గడపలో నిలబడి ఉంది.

"పచ్చపోగు యాడికి పాయ?" అన్నాడు.

"చీర అంచులో పడుగుపోగు తెగింటే దాంతో అతికినా. పట్టు పారేసే ఇల్లా మనది?"

తిప్పన్న మడతపెట్టిన చీర అంచు వైపు చూశాడు.

"సుబ్బమ్మకు నొప్పులు మొదలైనాయంట. పొద్దున రొళ్ల మనిషొచ్చి నీ పక్కనే నిలబడి చెప్పె. నువ్వు ఊ అంటివి, తల ఎత్తలా. నీ మాట పెనుకొండ పెండ్లికి పోతాంది. నేను రొళ్లకు పోతాండా."

ఆమె స్టేషన్ దారి పట్టింది. లేచి వెంట పోవాలని తిప్పన్నకు తెలుసు. కానీ ముందు మేకుకు కట్టకపోతే ఎక్కడ మరిచిపోతాడోనని భయం. పట్టు చుట్టిన కండెల బుట్టలో చేయిపెట్టి, పచ్చపోగు కోసం వెతకసాగాడు.