మేస్త్రి చెయ్యి పడిన బండి

కారు కొన్నవాళ్లింటికి చూడ్డానికి వెళ్లినవాళ్లు మొదట ఏం చేస్తారో మీరెప్పుడైనా గమనించారా? బానెట్ మీద చెయ్యి వేసి నిమురుతారు. "అబ్బ, అద్దంలా ఉందే!" అంటారు. లోపల ఏముందని అడిగేవాడు నూటికొక్కడు కూడా ఉండడు. పైన రంగు బాగుంటే లోపలంతా బాగున్నట్టే మనకి. ఈ బలహీనతని నమ్ముకుని మేడలు కట్టుకున్నవాళ్లున్నారు.

పెయింటరు మేస్త్రికి ఆ ఆదివారం పొద్దున్నే అక్క ఫోను చేసింది. "ఒరేయ్, ఉన్నపళంగా బయల్దేరి రా. ఎందుకని మాత్రం అడక్కు," అంది. గొంతులో నవ్వు ఆగడం లేదు. దెబ్బతిన్న కార్లకి పాతికేళ్లుగా రంగులు వేస్తున్న మనిషి అతను. ఎంత నుజ్జయిన రేకైనా అతని చెయ్యి పడిందంటే మచ్చ కనబడదు. తమ్ముడి పనితనం గురించి అక్క నలుగురికీ చెప్పుకోని రోజు లేదు.

వెళ్లేసరికి వాకిట్లో ముదురు నీలం రంగు కారు నిలబడి ఉంది. పొడుగ్గా, నేలకి ఆనుకున్నట్టుగా, వెనక నాలుగు పొగగొట్టాలతో. పరుపుల కొట్టు నడుపుకునే బావకి ఈ కారంటే పదిహేనేళ్ల పిచ్చి. కొట్లో గల్లాపెట్టె వెనక గోడ మీద దాని బొమ్మే ఉండేది. కొత్తది కొనే తాహతు లేదు, పాతదైనా ఎప్పటికైనా కొంటానని కనబడ్డవాడితోనల్లా పందెం కాసేవాడు.

"నాలుగు సెకన్లలో వంద అందుకుంటుందిరా!" బావ చంటిపిల్లాడిలా గెంతుతున్నాడు. "చూడు, నీ చేతి పనే! మీ షెడ్డు ఓనరు దగ్గరే కొన్నా. నీకు చెప్పొద్దని ఆయన చేత ఒట్టు కూడా వేయించుకున్నా. నీ మొహం ఎలా వెలుగుతుందో చూద్దామని!"

మేస్త్రి మొహంలో నెత్తురు చుక్క లేదు.

మూడు నెలల కిందట ఈ బండి లారీ మీద షెడ్డుకి వచ్చింది. ముందు భాగం నలిపి పారేసిన కాగితంలా ఉంది. ప్రమాదంలో మనిషిని కాపాడే ఎయిర్‌బ్యాగులు అప్పటికే పేలిపోయి, స్టీరింగులోంచీ డ్యాష్‌బోర్డులోంచీ వేలాడుతున్నాయి. వాటి స్థానంలో కొత్తవి పెట్టలేదు. ఎలక్ట్రీషియను అక్కడ స్పాంజి కుక్కి, పైమూత జిగురుతో అంటించి, హెచ్చరిక లైటు మామూలుగా వెలిగి ఆరిపోయేలా వైరు కలిపేశాడు. మేస్త్రి కళ్లారా చూశాడు. ఉండబట్టలేక ఓనర్ని అడిగాడు కూడా.

"పిచ్చివాడా, ఇది రోడ్డెక్కే బండా? షూటింగులకి అద్దెకిస్తా, ఊరికే నిలబెట్టి ఫోటో తీసుకోడానికి," అన్నాడు ఓనరు భుజం మీద చెయ్యి వేసి. "నువ్వు నాకు తోడబుట్టినవాడి కింద లెక్క. నీ దగ్గర దాస్తానా?"

మేస్త్రి నమ్మాడు. నమ్మితే ఏ గొడవా ఉండదు గనక నమ్మాడు. ఆ నీలం కుదరక తొమ్మిదిసార్లు రంగు కలిపాడు.

"ఎక్కండెక్కండి! హైవే దాకా ఒక రౌండు!" అని బావ కేకేశాడు. పధ్నాలుగేళ్ల మేనకోడలు ఎగిరి ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. బావ బటన్ నొక్కాడు. ఇంజను గర్జిస్తే పక్కింటివాళ్లు తలుపులు తీసి చూశారు. డ్యాష్‌బోర్డు మీద లైట్లన్నీ వెలిగి, ఒక్కొక్కటే ఆరిపోయాయి.

"చూశావా, ఒక్క లైటూ మిగల్లేదు. బండి నిక్షేపంలా ఉంది!"

మేస్త్రి నోరు విప్పితే, తెలిసే రంగు వేశానని అక్క ముందు ఒప్పుకోవాలి. విప్పకపోతే, ఎత్తుకుని తిప్పిన పిల్ల ఆ స్పాంజి ముక్క ముందు కూర్చుని వంద దాటుతుంది. వెళ్లి బానెట్‌కి అడ్డంగా నిలబడ్డాడు.

"దిగు బావా. ముందు పిల్లని దించు."

"ఏమైందిరా నీకు?"

"దించమంటున్నానా!"

ఆ అరుపుకి ఇద్దరూ దిగారు. మేస్త్రి స్క్రూడ్రైవరు అడిగి తీసుకుని స్టీరింగు మధ్యలో మూత పెకలించాడు. పసుపుపచ్చ స్పాంజి ఊడి కింద పడింది. చూసినదంతా చెప్పాడు, ఒక్క ముక్క దాచలేదు.

బావ ఆ స్పాంజిని వేళ్ల మధ్య నలిపి చూశాడు. పరుపుల వ్యాపారికి దాని నాణ్యం ఇంకొకరు చెప్పాలా? "దీన్ని నా పరుపుల్లో కూడా పెట్టనురా," అన్నాడు. "పైన పటారం, లోన లొటారం. బయట మెకానిక్కుకి చూపిస్తానంటే మీ ఓనరు ఏమన్నాడో తెలుసా? 'మీ బావమరిదే దగ్గరుండి చేశాడండీ, ఆయన్ని మించినవాడెవడు?' అన్నాడు. నీ పేరు విన్నాక ఇంకేం అడుగుతాను? నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది."

మేస్త్రి అక్కడే ఓనరుకి ఫోను చేసి అందరికీ వినబడేలా పెట్టాడు. "మా బావని తెలిసే అమ్మావా?"

"తెలుసు గనకే అమ్మగలిగాను," అన్నాడు ఓనరు తాపీగా. "ఊరుకో, నీకూ ఏదో ఇస్తాలే. పాతికేళ్లు నా షెడ్డులో బతికి తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?"

మేస్త్రి మెట్ల మీద కూలబడి ఏడ్చాడు. తోడబుట్టినవాడన్న నోటితోనే తన పేరుని ఆ తుక్కు మీద రంగులా పూసి అమ్మేశాడే! ఎవరైనా ఓదారుస్తారేమోనని తలెత్తాడు. అక్క కూతుర్ని గట్టిగా పట్టుకుని నిలబడి ఉంది.

"ఒరేయ్, ఒక్కటి అడుగుతా చెప్పు," అంది. "ఈ బండి మా ఇంటికి కాక ఇంకో ఇంటికి పోయుంటే, ఇలాగే అడ్డం నిలబడేవాడివా?"

ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పది గంటలకి రవాణా ఆఫీసు తలుపులు తీసేసరికి మేస్త్రి అక్కడున్నాడు. చెప్పిందంతా విని అధికారి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "కంప్లైంటు మీ బావగారు ఇస్తే సరిపోతుందయ్యా. నువ్వు సంతకం పెడితే ఉన్న పని పోతుంది. కేసులో నీ పేరూ ఉంటుంది. మోసపోయినవాడివి, నీకెందుకీ బెడద?"

"ఉండనివ్వండి సార్. ఇదొక్కటే కాదు, ఇలా స్పాంజి కుక్కి అమ్మినవి ఇంకా ఏడు బళ్లున్నాయి. ఏది ఏ రంగో నాకు గుర్తుంది," అన్నాడు మేస్త్రి. "నన్ను మోసం చేశారని నిన్నంతా ఏడ్చాను. కళ్లతో చూసి ఊరుకున్నవాడు మోసపోయినట్టు కాదు సార్, మోసంలో వాటా తీసుకున్నట్టు. మా పిల్లకి షెడ్డులో మేనమామ ఉన్నాడు గనక బతికింది. ఆ ఏడు బళ్లలో తిరిగే పిల్లలకి ఎవడూ లేడు. రాసుకోండి."