ముందు అమ్మకు నీళ్ళు

మా వైపు ఎవరైనా మంచి పని మీద బయల్దేరితే ఇంట్లో ఉండేవాళ్ళు గడప మీద నీళ్ళు పోస్తారు. నీళ్ళలా పని సాఫీగా సాగాలని. సైన్యానికి వెళ్ళే తమ్ముడికి పోశాను, గనికి వెళ్ళే మా ఆయనకు పోశాను. చెంబు ఎత్తినప్పుడల్లా నా గుండె జారేది. కానీ సెప్టెంబరు పదిహేను సంగతి వేరు. ఆ రోజు ఈ బాల్కన్ కొండల కింద పిల్లలంతా పూలగుత్తులు పట్టుకుని బడికి పోతారు. ఈసారి మా మనవరాలు కలీనా కూడా, ఒకటో తరగతికి! తెల్లారకముందే రాగి చెంబు తళతళా తోమి, అందులో జెరేనియం రెమ్మ వేసి ఉంచాను.

"కడుపు నొప్పి," అంది కలీనా, జున్ను కూరిన బనిత్స రొట్టె ముక్కను పళ్ళెంలో అటూ ఇటూ తోస్తూ. వారం నుంచీ ఇదే మాట.

"ఏం కాదు తల్లీ, భయపడకు. అస్సలు భయపడకు, సరేనా?" అంటూ మా అమ్మాయి ఇస్క్రా అల్లిన జడనే విప్పి మళ్ళీ అల్లుతోంది.

"జుట్టు ఊడొస్తుందే, వదులు."

"నీకేం అమ్మా! పసిపిల్లల బడి గుమ్మంలో నా కోటు పట్టుకుని వేలాడింది మరిచిపోయావా? ఇవాళా వదలకపోతే?"

పిల్ల తల ఇంకా కిందికి వంగింది. ఇస్క్రాను పూలు తెమ్మని పెరట్లోకి తరిమి, కలీనా పక్కన కూర్చున్నాను.

"దేనికే భయం? చెప్పు, నవ్వను."

"నేను లోపలికెళ్తే అమ్మ ఏడుస్తుంది. అప్పుడెవరు ఊరుకోబెడతారు?"

ఇన్నాళ్ళూ దాని భయం బడి గురించనే అనుకున్నాం!

అది చెంబు వైపు చూసింది. "అమ్మ కూడా ఆఫీసుకెళ్తోందిగా. ముందు అమ్మకు పోద్దాం. నేనే పోస్తా!"

"వెళ్ళేవాళ్ళు పోయకూడదే పిల్లా."

"ఎవరన్నారు?"

ఎవరన్నారో నాకూ తెలీదు. ఇస్క్రా డాలియా పూలతో గుమ్మంలోకి రాగానే కలీనా చెంబు మొత్తం బోర్లించేసింది. వాళ్ళమ్మ కొత్త బూట్లు నిలువునా తడిశాయి.

"ఓసి రాకాసీ!" ఇస్క్రా కెవ్వుమని అరిచి, పకపకా నవ్వింది. ఎన్నాళ్ళకు విన్నానో ఆ నవ్వు.

"అయ్యో, నీకు చుక్కైనా మిగల్లేదే!" నేను కుళాయి వైపు పరిగెత్తబోయాను.

"ఇవే చాల్లే అమ్మమ్మా!" అంటూ అది ఆ మడుగు మీంచి ఒక్క గెంతు గెంతింది. కడుపు నొప్పి ఎటు పోయిందో!

దారంతా ఇస్క్రా బూట్లు చప్ చప్‌మంటూనే ఉన్నాయి. గంట మోగింది. పిల్లలు వరుస కట్టారు. చెయ్యి వదలనిది కలీనా కాదు, వాళ్ళమ్మే.

"అమ్మా, వేళ్ళు వదులు. నీళ్ళు పోశాగా, నీకేం కాదులే."

వదిలింది. కలీనా పరిగెత్తింది. నా వయసులో వెళ్ళిపోయే వీపులెన్నో చూశాను. ఇలా సంచీ ఎగిరెగిరి పడే వీపును మాత్రం చూడలేదు.

"అమ్మా, ఏడవలేదు చూశావా!"

"ఎవరు? అదా, నువ్వా?"

"ఇద్దరం," అంది ఇస్క్రా, ముక్కు ఎగబీలుస్తూ.