యాభై మూడేళ్ళ కొడుకు

శుక్రవారం ఉదయం గోరేగావ్‌లో, హిందీ సినిమాలు తీసే ఒక స్టూడియోలో హైమవతికి కొడుకు పుడతాడు. కొడుకు వయసు యాభై మూడు. హైమవతికి ముప్ఫై ఆరు. కాన్పు తేలిగ్గానే అయిపోతుంది, నొప్పులేమీ రావు. దర్శకుడు కక్కర్ ఆమె భుజాల చుట్టూ శాలువా కప్పి, "ముబారక్ హైమాజీ, మగపిల్లాడు" అంటాడు. లైట్లు పట్టుకున్నవాళ్ళు లైట్లు కింద పెట్టి చప్పట్లు కొడతారు.

కొడుకు బూట్లతోనే ఆమె ఒళ్ళో పడుకుని ఉంటాడు. అతను ఎవరో దేశమంతటికీ తెలుసు. హైమవతికి ఇంకాస్త దగ్గరగా తెలుసు. తెనాలిలో నాటకాలాడుకునే పిల్లగా ఆమె ఈ ఊరొచ్చి చేసిన మొదటి హిందీ సినిమాలో హీరో అతనే, ఉదయవీర్. మంచుకొండ మీద పాట. అతనికి కోటు, మఫ్లరు, చేతికి తొడుగులు. ఆమెకి పల్చటి చీర. "చలేస్తోందా?" అని అప్పుడతను చెవిలో అడిగాడు. ఆమె తలూపింది. "కనబడనివ్వకు" అన్నాడు.

ఇప్పుడు ఆ మనిషే కళ్ళు తెరిచి "మా" అంటాడు. ఆ గొంతులో ప్రేమ నిజమైనదే. హైమవతికి మాత్రం ఏమీ అనిపించదు. ఒత్తిగిలి పడుకుంటే తిమ్మిరెక్కిపోయిన చెయ్యిలా ఉంటుంది లోపలంతా.

మేకప్ గదిలో పైడమ్మ తెల్లరంగు కలుపుతూ ఉంటుంది. హైమవతికి మేకప్ చేసేది ఎప్పుడూ ఆవిడే. శ్రీకాకుళం వదిలి ఎన్నేళ్ళయినా యాస వదలలేదు. ఆవిడ కుంచె అందుకునేలోపే హైమవతి జుట్టు దానంతటదే తెల్లబడిపోతుంది.

"ఏటమ్మా ఇది, నానింకా రంగెయ్యనేదు" అంటుంది పైడమ్మ. "ఆ బాబు జుత్తుకేసిన నలుపే ఇంకా ఆరనేదు."

"ఆయన తీసేసిన తెలుపు ఎక్కడికో ఒకచోటికి పోవాలిగా పైడమ్మా."

పైడమ్మ అదీ నిజమేనని కుంచె కడిగేసుకుంటుంది.

పుట్టిన బిడ్డని స్టూడియోలో వదిలేసి రాలేరు కాబట్టి హైమవతి కొడుకుని అంధేరీలోని తన ఫ్లాటుకి తీసుకెళ్తుంది. భర్తతో విడిపోయాక ఆ ఇంట్లో ఉండేది ఆమే, కూతురు ఇందుజా. ఉదయవీర్ గుమ్మంలో అడుగు పెట్టగానే హాలు పొడవవుతుంది. నెమ్మదిగా నడిచి రావడానికి అతనికి ఆ మాత్రం దూరం కావాలి. కిటికీలు మూసే ఉన్నా గాలి వీచి అతని జుట్టు లేస్తుంది. హైమవతి చేతిలోకి హారతి పళ్ళెం వస్తుంది. వంటింటి కిటికీలోంచి రోజూ కనిపించే మందుల షాపు, ఆటోలు ఇవాళ లేవు. పసుప్పచ్చగా పూసిన ఆవచేను ఉంది. ఈ సినిమాలో ఆమె పంజాబు తల్లి.

సోఫాలో హోంవర్కు చేసుకుంటున్న ఇందుజ తలెత్తి చూస్తుంది. ఎనిమిదేళ్ళ పిల్ల.

"అమ్మా, ఈయన నాకు అన్నయ్యా?"

"అంతే అనుకుంటా."

"మరి నేను పుట్టినప్పుడు ఎక్కడున్నాడు?"

"షూటింగులో."

ఇందుజ సరేనని మళ్ళీ పుస్తకంలో పడుతుంది. ఉదయవీర్ బల్ల దగ్గర కూర్చుని క్యారెట్ హల్వా అడుగుతాడు. హైమవతికి అది చెయ్యడం రాదు. పప్పుచారు గిన్నె మీద మూత తీస్తే హల్వా ఉంటుంది.

మర్నాటి నుంచి ఇందుజ కొంచెం కొంచెంగా తగ్గుతుంది. మొదట ఆమె కంచం పోతుంది. గోడ మీది ఫొటోలో ఆమె ఉండే చోట పూలకుండీ వస్తుంది. బడిలో టీచరు హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు దగ్గర దగ్గి, తర్వాతి పేరుకి వెళ్ళిపోతుంది.

"ఇవాళ లిఫ్టులో ఒకాయన నేనున్నచోటే నిలబడ్డాడమ్మా" అని చెబుతుంది ఇందుజ.

"నొప్పి పుట్టిందా తల్లీ?"

"లేదు. అదే బాలేదు."

హైమవతి కూతురి జడ వెయ్యబోతుంది. మూడు పాయల్లో ఒక పాయ చేతికి అందదు. ఉన్న రెండింటినే మెలిపెట్టి రిబ్బను కడుతుంది. ఏడుపొస్తే బాగుండుననుకుంటుంది గానీ, ఆ నెల ఏడుపంతా సినిమాకి ఇస్తానని ముందే ఒప్పుకుంది.

స్టూడియోకి వెళ్ళి కక్కర్‌ని అడుగుతుంది. అతను మంచివాడు. ఆమెకి కుర్చీ వేయించి, టీ తెప్పించి, తర్వాతే చెబుతాడు.

"కథలో కూతురు లేదు హైమాజీ. కూతురుంటే జనం ఒక్కసారైనా అటు చూస్తారు. చూసినంతసేపూ ఉదయవీర్ సాబ్‌ని చూడరు."

"పాప ఉండేది మా ఇంట్లో అండీ. సినిమాలో కాదు."

"మీ ఇంట్లో ఇప్పుడు ఆవచేను ఉందిగా?"

హైమవతి ఒప్పుకుంటుంది. ఉంది.

"అలా దిగులు పడకండి. పాపని పూర్తిగా తీసెయ్యడం లేదు" అంటాడు కక్కర్ ఆప్యాయంగా. "పెద్దయ్యాక మేమే వెనక్కి తెస్తాం, సాబ్ పక్కన హీరోయిన్‌గా. అప్పటికి సాబ్‌కి ఇరవై ఎనిమిదేళ్ళు వస్తాయి. జోడీ బాగుంటుంది. పాటకి మంచుకొండ కూడా చూసి పెట్టాం."

టీ మీద మీగడ కడుతుంది. హైమవతి అరచేతులు చల్లబడతాయి. వేళ్ళ కొసల్లో సూదులు గుచ్చినట్టవుతుంది. చాలా రోజుల తర్వాత ఆమెకి ఏదో తెలుస్తుంది. చలి.

"నా చావు ఎప్పుడండీ?" అని అడుగుతుంది.

"ఇంటర్వెల్‌కి ముందు. మీరు పోతేనే గదా బాబుకి కోపం వచ్చేది."

ఆ సీను తీసే రోజు ఆమె ఇందుజని కూడా తీసుకెళ్తుంది. ఎవరూ అడ్డు చెప్పరు, ఎవరికీ కనబడదు గనక. ఇప్పుడా పిల్లలో మిగిలింది గొంతు, ఒక చెయ్యి, చెప్పులు. కెమెరా పక్కన స్టూలు మీద చెప్పులు రెండూ ఊగుతుంటాయి.

తుపాకీ పేలుతుంది. హైమవతి పడిపోతుంది. ఉదయవీర్ ఆమె తలని ఒళ్ళోకి తీసుకుంటాడు. లైట్లు సర్దుతున్నంతసేపు అతని ముఖం బాగా దగ్గరగా ఉంటుంది. రంగు కింద అతను నిజంగానే అలిసిపోయి ఉన్నాడు.

"నాకు మోకాళ్ళు నొప్పి మా" అంటాడు నెమ్మదిగా. "ముసలాణ్ణి అవడం ఎలాగో నాకెవరూ నేర్పలేదు."

"నేర్పక్కర్లేదు నాయనా. దానంతటదే వస్తుంది, రానివ్వు."

"రానిస్తే వీళ్ళంతా వెళ్ళిపోతారు."

కక్కర్ యాక్షన్ అంటాడు. ఇప్పుడు ఆమె పగ తీర్చుకోమని కొడుకు దగ్గర మాట తీసుకోవాలి. హైమవతి నోరు తెరుస్తుంది.

"ఇందూ" అంటుంది. "లే, పోదాం."

ఆమె అతని ఒళ్ళోంచి లేస్తుంది. గుండు తగిలిన చోట చీర సర్దుకుంటుంది. స్టూలు దగ్గరికి వెళ్ళి మిగిలిన ఆ ఒక్క చేతినీ పట్టుకుంటుంది. వెనక ఉదయవీర్ ఖాళీ ఒడిలోకి వంగి భోరుమని ఏడుస్తూనే ఉంటాడు. ఒడిలో ఎవరూ లేని సంగతి అతనికి తెలియదు. కక్కర్ కళ్ళు తుడుచుకుని, "షాట్ ఓకే" అంటాడు. యూనిట్ అంతా చప్పట్లు కొడుతుంది. ఎవరైనా ఆపుతారేమోనని హైమవతి తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది. ఎవరూ ఆపరు. అది కూడా ఆమెకి కాస్త నొప్పిగానే తెలుస్తుంది.

"వాళ్ళకి నువ్వక్కర్లేదా అమ్మా?" అంటుంది ఇందుజ.

"అక్కర్లేదులా ఉంది."

"ఐతే నాకుంటావు." ఆ మాట అనడానికి ఇందుజకి నోరు వస్తుంది. నోటితోపాటు చుబుకం, చెవులు, జడ వేసేటప్పుడు అందని మూడో పాయ కూడా వస్తాయి.

స్టూడియో గేటు బయట రోడ్డు లేదు. హోర్డింగు ఉంది. నేల మీద వెల్లకిలా పరిచి ఉంది. ఉదయవీర్ ముఖం ఎంత పెద్దదంటే ఊరు అతని అవతలి చెవి దాటాకే మొదలవుతుంది. వేరే దారి లేదు. తల్లీకూతుళ్ళు గడ్డం దగ్గర ఎక్కి చెంప మీద నడుస్తారు. కాళ్ళ కింద రంగు మెత్తగా దిగబడుతుంది.

ఎండ నడినెత్తికొచ్చేసరికి కన్ను వస్తుంది. అది నీళ్ళతో నిండి ఉంది. అంచున ఒక ఆడమనిషి మెరుపుల గాగ్రాలూ డాన్సు జాకెట్లూ కుప్పపోసుకుని ఉతుకుతూ ఉంటుంది.

"లోతా అండీ?" అని అడుగుతుంది హైమవతి.

"ఏం లోతు లేదు బిడ్డా, మోకాళ్ళ మందమే" అంటుంది ఆమె తలెత్తకుండానే. "సూసేటోళ్ళకే సముద్రం."

హైమవతి చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంటుంది. ఇందుజ చెప్పులు చేతిలో పట్టుకుంటుంది. ఇద్దరూ నీళ్ళలోకి దిగి నల్లగుడ్డు మధ్యకి వచ్చేసరికి పైనుంచి రెప్ప వాలడం మొదలవుతుంది, ఆకాశాన్ని కొంచెం కొంచెంగా తగ్గిస్తూ. బట్టలుతికే ఆమె లేచి తడి మోచేత్తో ఆ రెప్పని ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో జాకెట్టు పిండుకుంటూ, "నడువుండ్రి, నడువుండ్రి" అంటుంది.