తిప్పిన చెయ్యి

దానంతట అది తిరగదు గదా నాబ్, తెర మీది బొమ్మ నాబే కావచ్చు, అయినా ఎవరో ఒకరు తిప్పాలి గదా, నిన్న తాను సున్నా మీద పెట్టి, ల్యాప్‌టాప్ ఇక్కడే వదిలి ఇంటికి పోయింది, పొద్దున తెరిచి వింటే అత్త గొంతు అత్త గొంతులా లేదు, ఇస్త్రీ చేసిన చీరలా ఎక్కడా మడత లేదు, ఇది మొదటిసారీ కాదు, అనుకుంటూ జ్యోతిక స్టూడియో అద్దాల గదిలో మేనత్త లచ్చమ్మ పక్కన నిలబడి మైకు కిందికి దించింది, బయట దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద బస్సుల మోత లేదు, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె, డిపోలన్నీ మూత, లచ్చమ్మ బడంగ్‌పేట్ నుంచి ఆటోలు మారి వచ్చింది, జర నీళ్ళియ్యి బిడ్డా అంది, ఆ నీళ్ళ మీదే పాట, నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుం వంగిపోయిన తమ్ముడి మీద, అంటే జ్యోతిక నాయిన మీద, తానే కట్టుకున్న పాట, నీళ్ళు తాగితె బొక్కలొంగె బిడ్డో, ఎముకలే వంగిపోయాయని, ఆ బిడ్డో దగ్గర గొంతు పైకి పోయి పగిలి కిందికి జారుతుంది, నాయిన మంచం మీంచి లేవబోయి మళ్ళీ కూలబడినట్టు, శ్రుతి సరిచేసే ఆ ప్లగిన్ నాబ్ కొంచెం పైకి తిప్పితే చాలు, ఆ జారుడు చదునైపోతుంది, నాయిన మాయమైపోతాడు.

పొద్దున ఎవరు తిప్పుతున్నరని అడిగితే స్టూడియో యజమాని కమలాకర్ నవ్వాడు, నువ్వే తిప్పి మర్సిపోయినవేమో, పరేషాన్ల ఉన్నవు అన్నాడు, ఎల్బీ నగర్ ఊరుగా ఉన్నప్పటి నుంచీ అక్కడ భూములున్న వాళ్ళ కొడుకు, కారు మీద జై తెలంగాణ జెండా, ఈ పాటకు కిరాయి వద్దన్న మనిషి, అతన్ని అనుమానించడానికి మనసొప్పలేదు, ఇక మిగిలింది కీబోర్డు వాయించే లలితకుమారి, తెనాలి మనిషి, ఏంటండీ ఎలాగండీ అనే మాట, మన యాస ఆమెకు మొరటుగా ఉంటుందేమో, ఆమే, ఆమె కాక ఇంకెవరు, సరే పట్టుకుందాం అని జ్యోతిక పంతం పట్టింది, తెర మీద బొమ్మ డబ్బాలను బొమ్మ తీగలతో కలుపుకుంటూ పోయే ఈ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో తానే ఒక కొత్త డబ్బా కట్టింది, ప్లగిన్ నాబ్ కదిలితే తెర మీద ఎర్రదీపం వెలగాలి, అంతే, కానీ మొదట అది ఊరికే వెలిగింది, ఫైలు తెరవగానే ప్లగిన్ తన నాబ్‌ల విలువలన్నీ మళ్ళీ ఒకసారి చెప్పుకుంటుంది, బళ్ళో హాజరు పలికినట్టు, దానికీ దీపం ఉలిక్కిపడేది, పాత విలువ గుర్తు పెట్టుకో, కొత్తది వేరుగా ఉంటేనే వెలుగు అని నేర్పాక కుదురుకుంది.

కానియ్యి అత్తా అంది, లచ్చమ్మ చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకొని కళ్ళు మూసుకుంది, పాట ఎత్తుకుంది, అద్దం అవతల లలితకుమారి రెండు చేతులా టీ గ్లాసు పట్టుకొని వింటోంది, చూడు, చేతులు చూడు, ఇప్పుడు కదులుతాయి, బొక్కలొంగె బిడ్డో అని గొంతు లేచింది, అద్దం అవతల తెర మీద ఎర్రదీపం వెలిగింది, టీ గ్లాసు కదల్లేదు, మరి, మౌస్ మీద ఇంకో చెయ్యి, వేలికి పగడపు ఉంగరం, కమలాకర్, దొంగతనంగా కూడా కాదు, పెండ్లికి పోయే ముందు పిల్లవాడి మూతి తుడిచినంత మామూలుగా, లచ్చమ్మ పాట ఆపేసింది, ఏంది బిడ్డా, చెవుల్ల నా గొంతు లేదు, ఎవరిదో ఉన్నది అంది.

జ్యోతిక తలుపు తోసుకొని వచ్చింది, ఎందుకు తిప్పుతున్నవన్నా, కమలాకర్ చెయ్యి తియ్యలేదు, మంచికే గదా, ఎల్బీ నగర్ చౌరస్తాల వంటావార్పు కాడ ఈ పాట ఏస్తం, టీవీవాళ్ళొస్తున్నరు, గిట్ల పగిలిన గొంతు ఇంటే నవ్వుతరు, మనమేమన్న తక్కువోళ్ళమా, నున్నగ ఉండాలె, లలితకుమారి గ్లాసు కింద పెట్టింది, అదేంటండీ, బానే ఉందిగా, నాకైతే ఏడుపొచ్చేసింది అంది, జ్యోతిక ఆమె ముఖంలోకి చూడలేకపోయింది, కమలాకర్ వైపే తిరిగింది, సున్నా మీద పెట్టు అంది, స్టూడియో నాది జ్యోతికా అన్నాడతను, గొంతు మా అత్తది, వంగిన నడుము మా నాయినది, ముట్టకు అంది, గట్లయితే పాట ఇక్కడ కాదు అన్నాడు, కాకపోతే కాకపాయె, ల్యాప్‌టాప్ నాదే గదా అని తీగ పీకేసింది, పోదాం పా అత్తా అంది, లలితకుమారి లేచి తలుపు తెరిచి పట్టుకుంది.

బస్సులు లేని రోడ్డు, కొత్తపేట దాటి ఎల్బీ నగర్ దాకా నడకే, చౌరస్తాలో వంటావార్పు, సమ్మెకొచ్చిన జనం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుతున్నారు, ఎవరో మైకు చేతికిచ్చారు, ఏ ప్లగిన్ లేదు, లచ్చమ్మ గొంతు పైకి పోయి పగిలింది, జారింది, ఎవరూ నవ్వలేదు, గరిటె పట్టుకున్న ఒక ముసలమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది, టీవీ కెమెరా ఇటు తిరిగింది, తిరగనీ, జ్యోతిక జనం మధ్య నిలబడి వింటూ అనుకుంది, ఇన్నాళ్ళూ తెనాలి వైపు చూస్తూ కాపలా కాసింది, చెయ్యేమో మన ఇంట్లోంచే వచ్చింది, ప్రేమగానే వచ్చింది, మనం తక్కువేమోనని లోపల వణుకుతూ వచ్చింది, రేపు రాష్ట్రం వస్తుంది, వచ్చాక కూడా ఆ చెయ్యి ఉంటుంది, జెండా కట్టిన కార్లోనే తిరుగుతుంది, ఉండనీ, అప్పుడూ తాను దాన్ని పట్టుకుంటుంది.