నాలుగు సార్లు విరిగిన చెయ్యి, గీత పడని గ్లవ్

నేను ఒక గ్లవ్‌ని. ఐస్ హాకీ ఆటగాడి కుడిచేతి గ్లవ్‌ని. నన్ను తయారుచేసిన ఫ్యాక్టరీలో వేళ్ళ మీద స్పాంజి, దాని మీద గట్టి ప్లాస్టిక్కు, ఆపైన నైలాను వేసి కుట్టి, ఇనుప గుండుతో దబదబా బాది మరీ చూశారు. ఇంత ఆర్భాటం దేనికండీ? లోపలున్న చేతికి దెబ్బ తగలకూడదని. ఇందులో అర్థం కానిదేముంది?

నేను చేరింది నూతక్కి గిరిధర్ చేతికి. కెనడాలోనే పుట్టిన తెలుగువాడు, ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. గోల్స్ కొట్టాలని చిన్నప్పట్నించీ కలలు కన్నాడు పాపం. జీతమిచ్చే జట్టులో చేరిన మొదటి రోజే కోచ్ అతన్ని ఎగాదిగా చూసి, "గోల్స్ కొట్టడానికి వేరేవాళ్ళున్నారు. నువ్వు మనుషుల్ని కొట్టు," అన్నాడు.

ఈ ఆటలో అదొక ఉద్యోగం. అవతలి జట్టువాడు మనవాణ్ణి తోస్తే, వాణ్ణి కొట్లాటకి పిలిచి పిడిగుద్దులు గుద్దాలి. దానికో ఆచారం కూడా ఏడ్చింది. కొట్టుకునే ముందు ఇద్దరూ గ్లవ్స్ ఊడదీసి మంచు మీద పారెయ్యాలి. అలా పారెయ్యనివాడు మగాడు కాదట! వాన మొదలవగానే గొడుగు మూసి చంకన పెట్టుకునేవాణ్ణి ఎక్కడైనా చూశారా? నేను మూడేళ్ళు చూశాను. ఎదుటివాడి తలకి హెల్మెట్ ఉంటుంది, మావాడి చేతికి నేనుండను. దూరంగా వెల్లకిలా పడి, ఉత్త ఎముక వెళ్ళి హెల్మెట్‌కి తగలడం చూస్తుండేదాన్ని. నాలుగు వేలమంది లేచి ఈలలు వేసేవాళ్ళు. మావాడు స్టిక్ పట్టుకుని బంగారంలా ఆడినప్పుడు మాత్రం ఒక్క వెధవా లేవలేదు.

ఆ చెయ్యి మూడుసార్లు విరిగింది. "ఇంకోసారి విరిగితే ఈ వేళ్ళు ఇక ముడుచుకోవు," అని డాక్టరమ్మ తెగేసి చెప్పింది.

వాళ్ళమ్మ ఇందుమతిది తెనాలి. కెనడా వచ్చాక ఇక్కడి బళ్ళో లెక్కలు చెబుతోంది. హీటరు మీద ఆరుతున్న నన్ను తీసి, నా కంపుకి ముక్కు మూసుకుని, కొడుకు ఒళ్ళో పెట్టింది.

"ఎవరేమన్నా అననీ నాన్నా, దీన్ని మాత్రం తియ్యమాక. నాకు మాటియ్యి."

"సరేమ్మా. ఒట్టు," అన్నాడు గిరిధర్.

ఫ్యాక్టరీ దాటాక నన్ను అర్థం చేసుకున్న మనిషి ఆవిడొక్కతే.

ఆ సీజను ఆఖరి ఆటకి ఆవిడ కూడా వచ్చింది. ఆట సగంలో అవతలి జట్టు బండోడు ఒకడు వచ్చి మావాడి భుజం తట్టి, "రా!" అన్నాడు. గిరిధర్ తల అడ్డంగా ఊపాడు. నాకెంత సంబరమో చెప్పలేను. ఇంతలో జనం మొదలుపెట్టారు, "తియ్! తియ్! తియ్!" అని. బెంచీ దగ్గర్నుంచి కోచ్, "నీకు జీతమిచ్చేది దిక్కులు చూడ్డానికా?" అని అరిచాడు. సొంత జట్టువాళ్ళు మొహాలు తిప్పుకున్నారు.

"వద్దురా గిరీ!" అన్న ఒక్క గొంతు ఆ గోలలో ఎవరికి వినబడుతుంది? నాకు వినబడింది, అతనికీ వినబడింది. అయినా నన్ను ఊడదీసి విసిరేశాడు. సిగ్గులేని జన్మ! రెండో గుద్దుకే ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. అంత దూరానికీ నాకు స్పష్టంగా వినిపించింది.

ఎండాకాలం రాకముందే జట్టు నన్ను అట్టేపెట్టుకుని అతన్ని వదిలించుకుంది. రెండేళ్ళకి ఏం బుద్ధి పుట్టిందో, స్టేడియం గుమ్మంలో అద్దాల పెట్టె కట్టించి నన్ను అందులో కూర్చోబెట్టారు. కింద ఇత్తడి పలక మీద, "ఎన్నో పోరాటాలు చేసిన గ్లవ్" అని చెక్కారు. నేనా! ఒక్క పోరాటంలోనైనా నన్ను ఉండనిస్తే కదా!

ప్రారంభోత్సవానికి తల్లీకొడుకులు వచ్చారు. కోచ్ చెయ్యి చాపితే గిరిధర్ ఎడమచెయ్యి ఇచ్చాడు. తర్వాత అందరికీ కేకు పెట్టారు. అతని కుడిచేతిలోంచి ఫోర్కు జారింది. ఇంకోటి తెచ్చిచ్చారు, అదీ జారింది. ఇందుమతి ప్లేటు తీసుకుని, కేకు తుంచి, మునివేళ్ళ మీద లేచి కొడుకు నోట్లో పెట్టింది. అతను తల వంచి తిన్నాడు.

అది ఎవరూ చూడలేదు. అందరూ వాళ్ళకి వీపులు పెట్టి నాకు ఫోటోలు తీస్తున్నారు.

"అబ్బ, ఎంత బాగుందో చూడండి, కొత్తదాన్లా!" అంది ఒకావిడ.

బాగుండక ఏం? నాకేమీ కాలేదుగా.